ఎలుగుబంటికి మట్టి

సాయిబు పోయాడు. కబురు నాకు చేరేసరికి అంతా అయిపోయింది, నలభయ్యో దినం కూడా జరిగిపోయింది. ఆయన పేరు నాకు తెలీదు. అడగలేదు. మ్యూజియంలో అందరూ ఆయన్ని కరడి సాబీ అనేవాళ్ళు. కరడి అంటే కన్నడంలో ఎలుగుబంటి. నేను తాతా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. ఆ రెండు మాటలతోనే ఇద్దరికీ జరిగిపోయింది.

నాకు చదువు రాదు. నోటితో చెప్పేదే. సాయిబు గురించి చెప్పాలంటే ముందు ఆ మ్యూజియం గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడ తప్ప ఆయన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

మాది మడకశిర పక్క. కరువుకు బెంగళూరొచ్చాం, నేనూ నా మొగుడూ. ఆయన సెంట్రింగు పనికి పోయేవాడు. ఒకరోజు పరంజా విరిగి పడి అక్కడికక్కడే పోయాడు. ముప్పై కూడా నిండలేదు నాకు. ఆయన పనిచేసిన మేస్త్రీ ఎవరినో పట్టుకుని నన్ను మ్యూజియంలో ఊడ్చే పనికి పెట్టించాడు. మొదటిరోజు లోపలికి పోయి నేను నిలబడిపోయాను. రాతి మెట్లు, ఏనుగు దూరేంత తలుపు, లోపల ఎండాకాలంలో కూడా బావిలో దిగినంత చలువ. గడప దాటి తలెత్తితే తిమింగిలం ఎముకలు ఇనుప తీగలకు వేలాడుతుంటాయి. ఈ చివర తల, ఆ చివర తోక, దాని కింద నుంచి బడిపిల్లలు వరసలో పోతుంటారు. ఎడమపక్క హాల్లో పులి, చిరుత, దుప్పి, అడవిదున్న. అన్నిటికీ గాజుకళ్ళు. ఏ మూలకు పోయి ఊడ్చినా ఏదో ఒకటి నన్నే చూస్తుండేది. కలరా ఉండల వాసన చీరకు పట్టి ఇంటిదాకా వచ్చేది. వారం పది రోజులు అన్నం సయించలేదు. తర్వాత అలవాటైపోయింది. పులి మొహం మీద దుమ్ము దులిపే దశకు వచ్చేశాను.

ఎలుగుబంటి ఆ హాలు చివర, కిటికీ పక్కన అద్దాల పెట్టెలో ఉండేది. రెండుకాళ్ళ మీద నిలబెట్టారు. నోరు తెరిచి, ముందుకాళ్ళు పైకెత్తి, ఇప్పుడే మీద పడేలాగా ఉంటుంది. చిన్నపిల్లలు దాన్ని చూసి ఏడ్చేవాళ్ళు. 

సాయిబు శుక్రవారం నమాజు అయ్యాక వచ్చేవాడు. హొసకోటె నుంచి రెండు బస్సులు మారి రావాలి. పొడుగు మనిషే గానీ నడుం దగ్గర ఒక పక్కకు ఒరిగిపోయినట్టుండేవాడు. గళ్ళ లుంగీ, భుజాన ఎర్ర తువ్వాలు, గడ్డానికి ఎప్పుడో పెట్టిన గోరింటాకు సగం వెలిసి ఉండేది. హాలు గుమ్మం దగ్గర చెప్పులు విడిచేవాడు. అక్కడ స్టూలు వేసుకుని కూర్చునే గార్డు శివణ్ణకు అది ప్రతిసారీ నవ్వులాటే.

"ఏనప్పా సాబీ, ఇది దర్గానా, చెప్పులు విప్తావు?"

"లోపల చచ్చిపోయినోళ్ళు ఉండారు కదప్పా."

"చచ్చిపోయినోళ్ళు యాడుండారు, గడ్డి కూరిన తోళ్ళు ఉండాయి."

"తోలన్నా ఒకప్పుడు ఒకరి ఒంటి మీదిదే కదా."

"చెప్పులు ఎవడన్నా ఎత్తుకొనిపోతే నన్ను అడగొద్దు మళ్ళా."

"ఈ చెప్పులు ఎత్తుకొనిపోయేటోడు నాకంటే లేనోడై ఉంటాడు. తొడుక్కోనీ."

శివణ్ణ చెడ్డవాడు కాదు. ఆ ఉద్యోగంలో మనిషికి మాట్లాడ్డానికి ఎవరో ఒకరు కావాలి.

సాయిబు నడక ఒకటి చెప్పాలి. నడిచేటప్పుడు కుడిచెయ్యి వెనక్కి, నడుం దగ్గర పెట్టుకునేవాడు. గుప్పిట సగం మూసి, మణికట్టును మెల్లగా తిప్పుకుంటూ పోయేవాడు. పక్షవాతం తగిలిందేమో అనుకున్నాను మొదట్లో. గుమ్మం దాటాక ఒక్క క్షణం ఆగేవాడు, వెనకాల వచ్చేదేదో దాటుకోవాలి అన్నట్టుగా. అప్పుడు కదిలేవాడు. హాలంతా పొడుగునా ఉన్న పులినీ దుప్పినీ ఒక్కదాన్నీ చూసేవాడు కాదు. నేరుగా పోయి ఎలుగుబంటి ముందు నిలబడేవాడు. దాని మొహం కేసి చూసి, పక్కకు జరిగి ముక్కు చూసి, ఇంకో పక్కకు పోయి మళ్ళీ ముక్కు చూసేవాడు. అద్దానికి ముక్కు ఆనించి ఊపిరి వదిలేవాడు, తువ్వాలుతో తుడిచేవాడు. మరకలు పడేవి.

"ఏం తాతా, నీ మొహం ముద్రలు తుడిచేదానికేనా నాకు జీతం ఇచ్చేది?" అన్నాను ఒకనాడు. అదే మేం మాట్లాడుకున్న మొదటి మాట.

"నీది మడకశిర తట్టు మాట మాదిరి ఉండాది బిడ్డా," అన్నాడు. "ఆ పక్క అన్ని ఊళ్ళూ తిరిగినా నేను. పావగడ, మడకశిర, ఆమడగూరు. గుడ్డేలుగును ఆడించేటోణ్ణి."

అప్పుడు ఆ చెయ్యి ఎందుకట్లా తిరుగుతుందో అర్థమయింది. తాడు పట్టుకున్న చెయ్యి అది. తాడు లేకపోయినా పట్టు మిగిలిపోయింది.

మా ఊరికి చిన్నప్పుడు గుడ్డేలుగు వచ్చేది. పిల్లలకు దడుపు జ్వరం వస్తే దాని మీద కూర్చోబెట్టేవాళ్ళు. దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవాళ్ళు. నన్నూ కూర్చోబెట్టింది మా అమ్మ. దాని వీపు పొయ్యి మీంచి దించిన కుండ మాదిరి వెచ్చగా, చీపురుకట్ట మాదిరి గరుకుగా ఉండింది. నా దడుపు పోయిందో లేదో గుర్తులేదు. ఆ వెచ్చన గుర్తుంది. అందుకే సాయిబు మీద నాకు కోపం రాలేదేమో, మరకలు ఎన్ని పడినా.

తర్వాత తర్వాత ఆయన వచ్చే వేళకు నేను ఆ హాలు ఊడ్చే పని పెట్టుకునేదాన్ని. నేను ఊడుస్తుంటే ఆయన మాట్లాడేవాడు. ఎలుగుబంటిని చూసి ఏ పిల్లవాడైనా ఏడిస్తే, దగ్గరికి పిలిచి నెత్తి మీద ఉఫ్ మని ఊదేవాడు. "అది నిన్ను ఏం చేయదు లేప్పా. దానికే నువ్వంటే భయం. అందుకే నోరు తెరిచినాది," అనేవాడు. తల్లులు కొందరు పిల్లల్ని లాక్కునిపోయేవాళ్ళు. కొందరు ఇంకోసారి ఊదమనేవాళ్ళు.

ఒకసారి బలవంతాన తిమింగిలం కిందికి తీసుకుపోయాను. ఇంత దూరం వస్తావు, దీన్ని ఒక్కసారన్నా చూడు తాతా, అని. తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఇది యాడిది?"

"సముద్రంలోది అంట."

"చచ్చి ఎన్నాళ్ళయింది?"

"నాకేం తెల్సు. తెల్లదొరల కాలం నాటిది అంటారు."

"అన్నేండ్లయినా కిందికి దించలేదా దాన్ని," అన్నాడు. మెడ నొప్పి పుట్టిందేమో, తువ్వాలుతో మెడ ఒత్తుకున్నాడు. "ఈ ఇంట్లో ఎవురికీ మట్టి దక్కలేదు బిడ్డా."

అంతే. మళ్ళీ దాని కింద నిలబడలేదు. ఎప్పుడు వచ్చినా తల వంచుకుని దాటిపోయేవాడు.

ఆయన మాటలు కొన్ని నాకు ఇప్పటికీ నోట్లో వస్తుంటాయి. "తాడుకు రెండు కొసలుంటాయి, ఒకటి దాని ముక్కులో, ఒకటి నా కడుపులో" అనేవాడు. ఎవరైనా కడుపు నిండా తిన్నావా అని అడిగితే "మస్తాను తిన్నాడు" అనేవాడు, తను తిన్నాడో లేదో చెప్పేవాడు కాదు. మస్తాను అంటే ఆయన గుడ్డేలుగు. మస్తానయ్య ఉరుసు నెలలో దొరికిందని ఆ పేరు పెట్టాడంట. కళ్ళు తెరవని కూనగా తెచ్చాడు. అప్పుడే ఇంట్లో ఆడపిల్ల పుట్టి ఉంది. పెండ్లాం ఒక పక్క బిడ్డకు, ఒక పక్క దానికి పాలిచ్చింది. వాళ్ళలో అది కద్దంట. ఆ పిల్లా అదీ ఒకే దుప్పట్లో పడుకుని పెరిగారంట.

ఇదంతా విని నేను ఊరుకోలేదు. నా నోరు మంచిది కాదు.

"అంత ప్రేమ ఉండేటోనివి ముక్కు పొడిచి తాడెట్లా వేసినావు తాతా?"

"సూదిని ఎర్రగా కాల్చి పొడిచినా," అన్నాడు. "పండ్లు కూడా నేనే పీకినా. ఆ పొద్దు మా ఆడది నాకు అన్నం పెట్టలే."

"పాపం కాదా?"

"పాపమే." ఏ అడ్డమాటా కలపలేదు. "పాపం చేసినోడు మట్టి చేయకూడదా బిడ్డా? ఇంకెవురు చేస్తారు దానికి?" అన్నాడు.

ఆ మట్టి సంగతి అప్పటికి నాకు తెలీదు. తెలిసింది వానాకాలంలో. ఒక శుక్రవారం జడివాన పట్టుకుని బయటికి పోనియ్యలేదు. మెట్ల మీద, ముందు పంచన కూర్చున్నాం. నా దగ్గర చెనిక్కాయలుంటే చెరి కొన్ని తిన్నాం. అప్పుడు చెప్పాడు.

హొసకోటె సంత దగ్గర ఆడిస్తుంటే అడవి డిపార్టుమెంటు వాళ్ళు వ్యాను వేసుకుని వచ్చారంట. ఆడించకూడదని చట్టం అన్నారు. వ్యానులో ఇనుప బోను. మస్తాను ఎక్కలేదు. కర్రలతో తోశారు, తాడు పట్టి లాగారు, ముక్కులోంచి నెత్తురు కారింది గానీ కదల్లేదు. జనం మూగిపోయారు. అప్పుడు ఆఫీసరు సాయిబును పిలిచాడు.

"నీ మాటే వింటాది గదా, నువ్వే ఎక్కియ్యి అన్నాడు. నెత్తురు చూసినా. ఇంక లాగనియ్యకూడదని నేనే డక్కి తీసి వాయించినా, పండగ పొద్దు వాయించే మాదిరి. మస్తాను లేచి నిలబడినాడు. ఆడుకుంటా ఆడుకుంటా వచ్చి బోన్లోకి ఎక్కినాడు. ఎక్కినాంక నాకోసరం తిరిగి చూసినాడు. నేను రాలేదు గదా. వాళ్ళు తలుపేసినారు."

చెనిక్కాయ తొక్కలు తువ్వాల్లో పోసుకుని మెట్ల కింద పడకుండా మూట కట్టుకున్నాడు, ఊడ్చేది నేనే కదా అని.

గుడ్డేలుగుల్ని ఏదో తోటలో పెట్టి సాకుతారని చెప్పారంట. రెండుసార్లు పోయాడు. గేటు దాటనియ్యలేదు. మీ వాసన తగిలితే అది తిండి మానేస్తుంది, రావద్దన్నారంట. అదీ నిజమే అయ్యుండొచ్చు అన్నాడు. ఆ తర్వాత ఆ తోటకు గడ్డి తోలే లారీ డ్రైవరు ఒకడు హొసకోటెలో కనబడి, పండ్లు లేని ముసలిది ఒకటి తొలకరి వానలకే చచ్చింది, దాని తోలు పట్నంలో మ్యూజియానికి పంపారంట అన్నాడు. ఆ మాట పట్టుకుని సాయిబు ఇక్కడికి వచ్చాడు.

"ఇది వాడేనా?" అన్నాను.

"తెలీదు బిడ్డా. అదే గదా."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇరవై ఏళ్ళు సాకినదాన్ని గుర్తుపట్టలేవా అన్నాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. తోలు కూరేవాడు మొహం వాడికి తోచినట్టు చేస్తాడు. కళ్ళు గాజువి. మస్తాను ఎప్పుడూ అట్లా నోరు తెరవలేదు, తెరిస్తే మూతికి కట్టు బిగించేవాణ్ణి అన్నాడు. రొమ్ము మీది తెల్ల మచ్చ చూస్తే చెప్పేయొచ్చు, దాంట్లో ఒక్కోదానిది ఒక్కో తీరు. కానీ ఈ బొమ్మకు అక్కడ పురుగు కొట్టి బొచ్చు రాలిపోయి, నల్లరంగు పూసి పెట్టారు. మిగిలింది ముక్కు. ముక్కులో బెజ్జం ఉందా లేదా అనేది కింద నిలబడి చూస్తే కనపడదు. 

అప్పుడు లుంగీ మడతలోంచి ఒక చిన్న మూట తీసి చూపించాడు. పాత చీర గుడ్డలో మట్టి. ఆయన పెండ్లాం సమాధి పక్కన తీసిన మట్టి. పాలిచ్చిన తల్లి కదా, ఆమె పక్క మట్టి పడితే అది ఆమె దగ్గరికి చేరుతుంది. వాళ్ళింట్లో ఎలుగు చస్తే మనిషికి చేసినట్టే గొయ్యి తీసి, గుడ్డ కప్పి, ఇంటివాళ్ళంతా తలా ఒక పిడికెడు మట్టి వేస్తారంట. మట్టి పడనిది అట్లాగే నిలబడి ఉండిపోతుందంట.

"నిలబడే ఉండాది గదా, చూడు," అన్నాడు.

"అయితే వేసేయి తాతా. పెట్టె కిందన్నా చల్లేయి."

"బతికుంటే?"

ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. ఆయనే విప్పి చెప్పాడు. ప్రాణంతో ఉన్నదాని పేరు చెప్పి మట్టి వేస్తే ఆ పొద్దే అది చస్తుంది. వాళ్ళ తాత ఒకడు, పోయిందనుకుని మట్టి వేసిన ఎలుగు, అడవిలోంచి తిరిగొచ్చి ఇంటి ముందే పడి చచ్చిందంట. అందుకే చచ్చిందని తెలియనిదానికి వేయరు. చచ్చిందని తెలిసినదానికి వేయకుండా ఉండరు. సాయిబు ఆ రెంటి మధ్యా మూట కట్టుకుని తిరుగుతున్నాడు. నా మొగుణ్ణి నేను కళ్ళారా చూశాను, పాడె వెనక నడిచాను. అదొక అదృష్టమని ఎవరైనా అప్పుడు అనుంటే వాళ్ళ మొహాన ఉమ్మేసేదాన్ని.

శివణ్ణను అడిగాను, ఈ కరడి ఎప్పటిది అని.

"పెట్టె మీద బోర్డు దొరల కాలందే," అన్నాడు. "కరడి సంగతి మాత్రం నాకు తెలీదు మా. నేను డ్యూటీకి వచ్చినాంకే ఒకసారి పాతది పురుగు పట్టిందని పెట్టె మూసినారు. మూడు నెల్ల తర్వాత తెరిచినారు. అదే బాగు చేసినారో, కొత్తది పెట్టినారో. ఆ బోర్డు మార్చలే."

"ఆఫీసులో అడగరాదా?"

"అడిగి? కరడి సాబీ బంధువులు వచ్చినారు సార్, శవం గుర్తుపట్టల్ల అని చెప్పల్లా?" నవ్వాడు గానీ, ఆ పొద్దే పోయి అడిగి వచ్చాడు. వాళ్ళకూ తెలీదంట. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు.

పెట్టెల తాళాలు ఎప్పుడో గానీ తీయరు. ఎవరో మంత్రి వస్తున్నాడని ఆ ఏడు దసరా ముందు తీశారు. లోపల దుమ్ము దులిపే పని నాది. మా సూపర్‌వైజరు తాళం తీసి పక్కన నిలబడి ఫోను మాట్లాడుకుంటున్నాడు. కొత్తగా కొన్న సెల్లు. నేను బ్రష్షూ గుడ్డా పట్టుకుని లోపలికి దూరాను. ఎలుగుబంటి రొమ్ము నా మొహానికి తగిలింది. చల్లగా ఉంది. ముందు భుజాలు దులిపాను, చెవులు దులిపాను. సూపర్‌వైజరు అటు తిరగ్గానే ముక్కు మీద చెయ్యి పెట్టాను.

పైపైన నున్నగానే ఉంది, నల్లరంగు పూసి. వేలితో ఒత్తుకుంటూ వచ్చాను. ఒకచోట మెత్తబడింది. గోటితో గీకితే మైనం. కాస్త గట్టిగా ఒత్తాను. మైనం ముద్ద లోపలికి పడిపోయింది, నా చూపుడువేలు దూరిపోయింది. తర్వాత నోట్లో చెయ్యి పెట్టాను. కోరపళ్ళు నాలుగూ ఉన్నాయి, ఇంతింత పొడుగు. గోటితో తట్టాను. గోటికి తెల్లగా అంటుకుంది. సున్నం. మొత్తం నోరే పోతపోసిన నోరు.

"ఏం మా, దాని నోట్లో ఏముంది, బంగారమా?" అన్నాడు సూపర్‌వైజరు.

"సాలెగూడు సార్," అన్నాను.

శుక్రవారం సాయిబు వచ్చాడు. చెప్పులు విడవబోతుంటే నేనే ఎదురుపోయాను.

"బెజ్జం ఉండాది తాతా. మైనం పెట్టి మూసినారు."

గోడకు ఆనుకున్నాడు.

"పండ్లు?"

"పండ్లు ఉండాయి. కానీ అవి దానివి కాదు. సున్నంతో చేసి పెట్టినారు."

సాయిబు నవ్వడం నేను చూసింది అప్పుడే. ముందుపళ్ళు లేని నోరు, చిన్నపిల్లవాడి నవ్వులాగా ఉంది. "నేను పీకినవి వాళ్ళు పెట్టినారు," అన్నాడు. నవ్వు ఆగాక, "బెజ్జం మావోళ్ళందరూ ఆడనే పొడుస్తారు బిడ్డా. మా తాత కాలం నుంచీ ఆడనే. ఎవురిదైనా కావచ్చు," అన్నాడు.

అంటే దొరల కాలంలో ఏ సాయిబు దగ్గర లాక్కున్నదైనా కావచ్చు. మొన్న చచ్చిన మస్తానైనా కావచ్చు. బెజ్జం దొరికితే ఏదో ఒకటి తేలుతుందని ఇద్దరం అన్నాళ్ళు అనుకున్నాం. దొరికింది. ఏమీ తేలలేదు.

"ఆ మూట ఇట్లియ్యి తాతా," అన్నాను. "మంత్రి వచ్చి పోయేదాకా తాళం ఊరికే తగిలిచ్చి పెట్టినారు. నేను పోయి దాని కాళ్ళ కాడ వేసి వస్తా. నీ గుండె భారం తీరుతాది."

ఆయన మూట మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు, నేను లాక్కుంటానేమో అన్నట్టు.

"వొద్దు బిడ్డా. యాడన్నా బతికుంటే, ఇంకోసారి నేనే బోను ఎక్కిచ్చినట్టయితాది."

లోపలికి పోయి ఎప్పట్లాగే నిలబడ్డాడు. ఈసారి ముక్కు చూడలేదు. ఊరికే నిలబడ్డాడు. నేను ఊడ్చుకుంటూ ఆయన దగ్గరికి వచ్చి, చుట్టూ ఊడ్చి, ముందుకు పోయాను.

ఆ తర్వాత కూడా వచ్చాడు. వారం వారం కాదు, కాళ్ళు బాగలేవు అనేవాడు. ఒక రంజాను ముందు కొత్త కాంట్రాక్టరు వచ్చాడు, వాడి మనుషుల్ని వాడు తెచ్చుకున్నాడు, మమ్మల్ని తీసేశారు. నేను చిక్కపేటలో ఒక ఫలహారశాలలో గిన్నెలు తోమే పనికి చేరాను. సాయిబుకు చెప్పే వీలు లేకపోయింది. శుక్రవారం మధ్యాహ్నం అయితే మాత్రం చేతిలో గిన్నె ఆగిపోయేది, ఇప్పుడు చెప్పులు విడుస్తుంటాడు అని.

మొన్న ఒకామె ఫలహారశాల వెనక సందులోకి వచ్చింది. బురఖా మీద ఊదుబత్తుల పొడి మరకలు. 

"మ్యూజియంలో ఊడ్చే అక్కవు నువ్వేనా? శివణ్ణ అని గార్డు చెప్పినాడు నువ్వు ఈడుండావని."

మొహం చూడగానే తెలిసింది. ఆ గడ్డం తీసేస్తే సాయిబే.

"నాయన పోయినాడు అక్కా. పడకేసి చానా దినాలుండినాడు. చివర్లో చెయ్యి ఒకటే తిరుగుతా ఉండె." ఆమె తన చెయ్యి తిప్పి చూపించలేదు, నాకు అవసరమూ లేదు. "నీకు ఇది ఇమ్మన్నాడు."

గుడ్డ అదే, పిడికెడు మట్టి అదే. బరువు మాత్రం ఎండిపోయి తగ్గింది.

"ఇప్పుడు వేయమన్నాడు అక్కా. నేనేమో, బతికుంటే ఎట్లా నాయనా అన్నా. బతికుంటే నా కాడికే వస్తాడు గదా, రానీ, ఒక్కణ్ణే ఉంటా గదా ఆడ అన్నాడు."

"నువ్వే వేయొచ్చు కదమ్మా. నీతోపాటు పాలు తాగినోడు కదా."

"నేను చూడలేనక్కా. తమ్ముణ్ణి నేను అట్లా నిలబెట్టి చూడలేను," అని గోడ వైపు తిరిగింది.

ఆమెకు టీ ఇప్పించి బస్సు ఎక్కించాను. మరుసటి రోజు మధ్యాహ్నం సెలవడిగి మ్యూజియానికి పోయాను. శివణ్ణకు జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నన్ను చూసి టికెట్టు మాట ఎత్తలేదు, మొహం పక్కకు తిప్పుకున్నాడు. "తాళం చెవి ఆఫీసులో ఉంటాది మా. ఇప్పుడు పెట్టెలకు అలారం పెట్టినారు. నేనేం చేసేదానికి లేదు," అన్నాడు. నేనేమీ అడగలేదు ఇంకా.

హాలు మారిపోయింది. నేల మీద మెరిసే బండలు, పైన తెల్లటి లైట్లు. ఎలుగుబంటి అక్కడే ఉంది. పెట్టె అద్దం కొత్తది, ఎక్కడా సందు లేదు, అరవేలు దూరే చోటు లేదు. దాని ముక్కు మళ్ళీ నున్నగా ఉంది. ఎవరో మైనం పెట్టి రంగు పూశారు. బడిపిల్లలు వచ్చి ముందు నిలబడి, నోరు దానిలాగే తెరిచి వెక్కిరించి పోయారు. వాళ్ళు పోయేదాకా ఆగాను.

వాళ్ళ మతం మంత్రాలు నాకు రావు. మూట విప్పి, మస్తానూ అని ఒక్కసారి పిలిచి, అద్దం కింద బండ మీద, దాని కాళ్ళకు ఎదురుగా మట్టి పోశాను. ఆ తెల్లటి బండ మీద అది ఇంతే ఉంది, చీమల పుట్ట అంత. నిలబడి చూస్తున్నాను. ఎంతసేపు నిలబడాలో, తర్వాత ఏం చేయాలో సాయిబు చెప్పలేదు, నేను అడగలేదు.

నీలం యూనిఫాం వేసుకున్న పిల్ల ఒకతె, పాతికేళ్ళు ఉంటాయేమో, పొడుగు కర్ర చీపురుతో అటు నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. మాట కదిరి తట్టుది.

"ఎవురు మా ఈడ మన్ను పోసింది? ఇప్పుడే ఊడ్చి పోయినా. సారు చూస్తే నన్ను తిడతాడు."

మట్టి సగం చేటలోకి వచ్చింది. మిగతాది నా పాదాల దగ్గర ఉంది.

"కాళ్ళు తియ్ మా," అంది.

తీశాను.